అమెరికాలో రగ్బీ వేళ్లూనుతుందా?

2031లో పురుషుల రగ్బీ ప్రపంచ కప్, 2033లో మహిళల ప్రపంచ కప్ అమెరికాలో జరగాల్సి ఉన్నాయి. 2022 మే నెలలో డబ్లిన్‌లో ఈ నిర్ణయం ప్రకటించిన దగ్గర్నుంచీ ఒకటే పాట వినిపిస్తోంది. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రీడా మార్కెట్ అమెరికా, అక్కడ పాగా వేస్తే రగ్బీకి ఇక తిరుగుండదు అని. మార్కెట్ పెద్దదన్న మాట కాదనలేం. అయితే సంత ఎంత పెద్దదైనా బేరం కుదిరితేనే సరుకు కదిలేది. అమెరికాలో రగ్బీ పెరిగే వీలుందా అంటే, ఉంది. కాకపోతే ఇప్పుడు ఎక్కువమంది చూపిస్తున్న దారిలో కాదు.

పొద్దున్నే చీకటితో బస్సెక్కి, మళ్లీ చీకటి పడ్డాక క్యాంపు చేరే మనకి అమెరికా రగ్బీతో పనేమిటని అడగొచ్చు. రగ్బీ మనకి మరీ పరాయిదేం కాదు. దుబాయ్ సెవెన్స్ పోటీలు 1970లో మొదలయ్యాయి. దుబాయ్-అల్ ఐన్ రోడ్డు మీద తిరిగే వాళ్లకి 'ద సెవెన్స్' స్టేడియం తెలిసిందే. 2022 నవంబర్‌లో అమెరికా పురుషుల జట్టు ప్రపంచ కప్ ఆశలు గల్లంతైంది ఆ స్టేడియంలోనే. పోర్చుగల్‌ని ఓడిస్తే 2023 ఫ్రాన్స్ ప్రపంచ కప్‌లో చోటు దక్కేది. ఆఖరి నిమిషంలో పోర్చుగల్ పెనాల్టీ కొట్టి 16-16తో సమం చేసింది. పాయింట్ల తేడా లెక్కలో పోర్చుగల్ ఫ్రాన్స్ వెళ్లింది, అమెరికా ఇంటికి వెళ్లింది. అంతకు ముందు జూలైలో చిలీ చేతిలో, రెండు మ్యాచ్‌లు కలిపి ఒక్క పాయింట్ తేడాతో, అదీ సొంతగడ్డ మీద ఓడింది. 33 కోట్ల జనాభా ఉన్న దేశం, డబ్బున్న దేశం, అడుగుకో స్టేడియం ఉన్న దేశం. మరి ఎందుకిలా?

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, జట్టుకి 15 మంది. బంతి పట్టుకుని అవతలి వాళ్ల గీత దాటి నేలకి ఆనిస్తే 5 పాయింట్లు. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి ఉన్నవాణ్ని నడుం పట్టో కాళ్లు పట్టో పడేస్తారు. చెడుగుడులో పట్టు తెలిసిన వాడికి ఇది చిటికెలో అర్థమవుతుంది. సెవెన్స్ అంటే ఇదే ఆట ఏడుగురితో, ఏడేసి నిమిషాల రెండు భాగాలుగా ఆడేది.

అసలు అమెరికన్ ఫుట్‌బాల్ రగ్బీ కడుపున పుట్టిందే. 1874లో హార్వర్డ్ విద్యార్థులు కెనడా నుంచి వచ్చిన మెక్‌గిల్ విద్యార్థులతో ఆడి రగ్బీ రుచి చూశారు. తర్వాత అమెరికా కాలేజీలు ఒక్కో నియమం మార్చుకుంటూ సొంత ఆట తయారు చేసుకున్నాయి. 1905 నాటికి ఆ ఆటలో చావులూ గాయాలూ ఎక్కువై, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లని పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీలు ఫుట్‌బాల్‌ని వదిలి రగ్బీకి మారాయి. ఆ కాలేజీల గాలి తగిలిన కుర్రాళ్లే తర్వాత 1920 ఆంట్‌వెర్ప్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకి బంగారు పతకాలు తెచ్చారు. పారిస్‌లో ఫ్రాన్స్‌నే 17-3తో ఓడించారు.

మరి ఆ బంగారం ఏమైంది? 1924 తర్వాత ఒలింపిక్స్ నుంచి రగ్బీని తీసేశారు. అప్పటికే కాలేజీలు మళ్లీ ఫుట్‌బాల్ వైపు తిరిగాయి. గెలిచిన వాళ్ల వెనక ఆడే పిల్లలు లేకుండా పోయారు. పతకం మిగిలింది, ఆట పోయింది. నూరేళ్ల కింద జరిగినా ఈ పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇప్పటి ఆశలన్నీ పెద్ద మ్యాచ్‌ల జనాన్ని చూసి పుట్టినవే. 2014 నవంబర్‌లో షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో న్యూజిలాండ్, అమెరికా ఆడితే 61 వేల పైచిలుకు జనం వచ్చారు. 2016లో అదే చోట ఐర్లాండ్ 40-29తో న్యూజిలాండ్‌ని ఓడించింది. 111 ఏళ్లలో ఐర్లాండ్‌కి అదే తొలి గెలుపు. ఆ రోజు 62 వేల మంది. 2018లో శాన్ ఫ్రాన్సిస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్‌కి మూడు రోజుల్లో లక్ష దాటారు. 2025 నవంబర్ 1న మళ్లీ సోల్జర్ ఫీల్డ్‌లో న్యూజిలాండ్, ఐర్లాండ్ తలపడితే మళ్లీ 61 వేలు దాటింది.

ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ జనం దేనికి వచ్చారో కూడా చూడాలి. నల్ల జెర్సీ న్యూజిలాండ్ పేరు విని కొందరు, తాతలనాటి ఐర్లాండ్ మీద మమకారంతో కొందరు. 2014లో సొంత జట్టు ఆడిన రోజున అమెరికా 74-6తో ఓడింది. చుట్టపుచూపుగా వచ్చిన పెద్ద జట్లని చూడటానికి వెళ్లిన వాళ్లలో ఎంతమంది మర్నాడు తమ ఊరి క్లబ్బు మ్యాచ్‌కి వెళ్లారన్నదే అసలు లెక్క. జాతర రోజు జనాన్ని చూసి ఊరి జనాభా లెక్క రాయం కదా.

ఊళ్లో లెక్క వేరేగా ఉంది. 2016లో ప్రో రగ్బీ పేరుతో ఐదు జట్ల లీగ్ పెట్టారు. ఒక్క సీజన్‌తో మూతపడింది. 2018లో మేజర్ లీగ్ రగ్బీ ఏడు జట్లతో మొదలైంది. నాలుగేళ్లు తిరిగేసరికి, అంటే 2022కి, 13 జట్లు అయ్యాయి. మధ్యలో 2020 మార్చిలో దేశ రగ్బీ సంఘమే దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. 2025 సీజన్ 11 జట్లతో జరిగింది. అది ముగిశాక మయామీ, న్యూ ఆర్లీన్స్, యూటా, హ్యూస్టన్ తప్పుకున్నాయి. శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్ ఒక్కటైపోయాయి. 2026 సీజన్‌కి మిగిలినవి ఆరు జట్లు.

నేను చదివింది సివిల్ డిప్లొమా, చేసేది సైటు పని. మాకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఇది పచ్చి స్లాబు కింద సెంట్రింగ్ విప్పేసి, పైన ఇంకో అంతస్తు వేసినట్టు ఉంది. ఏడు జట్లకే జనం సరిగ్గా అలవాటు పడకముందు 13 చేశారు. కాంక్రీటుకి నీళ్లు పట్టే రోజులు తగ్గిస్తే ఏమవుతుందో మేస్త్రికి వేరే చెప్పక్కర్లేదు.

గోడలు కడితే ఆట వస్తుందనుకోవడమూ పొరపాటే. కొలరాడోలో గ్లెన్‌డేల్ అనే చిన్న ఊరు 2007లో మున్సిపాలిటీ తరఫున రగ్బీ కోసమే స్టేడియం కట్టించింది. 2018లో లీగ్ మొదలైనప్పుడు ఆ ఊరి జట్టూ ఉంది. 2020లో బయటికి వచ్చేసింది. హ్యూస్టన్‌లో 2019లో రగ్బీకని కొత్త స్టేడియం తెరిచారు. 2025లో అక్కడి జట్టు లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది, ఆ ఏడాదే లీగ్ నుంచి తప్పుకుంది. స్టేడియం ఉంది, గెలిచే జట్టు ఉంది. అయినా నిలవలేదు.

ఎదురుగా ఉన్న కొండ ఎంతదో కూడా చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2021లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందాల విలువ 11 ఏళ్లకి సుమారు 11 వేల కోట్ల డాలర్లు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ చూసిన వాళ్లు సగటున 12 కోట్ల 77 లక్షల మంది. ఆ ఆట గడియారం 60 నిమిషాలే అయినా మ్యాచ్ మూడు గంటలు దాటుతుంది. ఆగి ఆగి సాగే ఆట కాబట్టి ఆగినప్పుడల్లా ప్రకటన వేస్తారు. రగ్బీ 40 నిమిషాలు మొదలుపెడితే సాగిపోతూనే ఉంటుంది. చూసేవాడికి అది బలం, ప్రకటనలు అమ్మేవాడికి అది బలహీనత.

మైదానం సంగతి కూడా అంతే. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే 49 మీటర్లకి కాస్త తక్కువ. రగ్బీకి 68 నుంచి 70 మీటర్లు కావాలి. గ్యాలరీ మొదటి వరస మైదానానికి ఆనుకుని కట్టిన స్టేడియంలో అటు పది, ఇటు పది మీటర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? సాకర్‌ని కూడా దృష్టిలో పెట్టుకుని కట్టిన వాటిలో ఇబ్బంది తక్కువ. మిగతా వాటిలో మూలల సీట్లు తీసి సర్దాల్సిందే. కాబట్టి కాగితం మీద కనిపించే స్టేడియాలన్నీ రగ్బీకి పనికొస్తాయనుకోకూడదు.

ఇంత చెప్పాక ఇక ఆశ లేదా అంటే, సాకర్ కథ వినాలి. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మ్యాచ్‌కి ఒకసారి 77 వేల మంది వచ్చారు. ఇంకేముంది, అమెరికా సాకర్ దేశమైపోయిందన్నారు. 1984 సీజన్‌తో ఆ లీగే మూతపడింది. పదేళ్ల తర్వాత 1994 ప్రపంచ కప్ అమెరికాలో జరిగింది. 52 మ్యాచ్‌లకి 35 లక్షల మందికి పైగా వచ్చారు. కానీ ఈసారి రెండు పనులు జరిగాయి. మొదటిది, ప్రపంచ కప్ ఇచ్చేటప్పుడే దేశంలో పూర్తిస్థాయి లీగ్ పెడతామని మాట తీసుకున్నారు. ఆ మాట ప్రకారం 1996లో పది జట్లతో మేజర్ లీగ్ సాకర్ మొదలైంది. రెండోది, ప్రపంచ కప్‌లో మిగిలిన డబ్బుతో ఒక ఫౌండేషన్ పెట్టారు. అది వాడల్లో చిన్న చిన్న మైదానాలు వేయిస్తూ వచ్చింది.

అయినా దారి సాఫీగా ఏం లేదు. 12 దాకా పెరిగిన జట్లని 2002లో మళ్లీ పదికి తగ్గించుకున్నారు. అప్పుడు కూడా 'అయిపోయింది సాకర్ పని' అన్నవాళ్లున్నారు. ఓపికపట్టి, ఒక్కో ఊళ్లో తమ కొలతకి సరిపడే స్టేడియం కట్టుకుంటూ, బడి పిల్లల్ని తెచ్చుకుంటూ పోయారు. 2025 నాటికి 30 జట్లు. చివరగా చేరిన శాన్ డియాగో ఆ చోటు కోసం 50 కోట్ల డాలర్లు కట్టింది. అంటే ఆరు జట్లకి తగ్గడం ఒక్కటే రగ్బీకి చావు కబురు కాదు. ఆ తగ్గిన రోజుల్లో ఏం చేస్తారన్నదే ముఖ్యం.

మరి రగ్బీకి పునాది ఎక్కడ దొరుకుతుంది? మొదట ఆడపిల్లల దగ్గర. మహిళల తొలి ప్రపంచ కప్‌ని 1991లో గెలిచింది అమెరికాయే. ఫైనల్లో ఇంగ్లండ్‌ని 19-6తో ఓడించారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే కాలేజీలు ఆడపిల్లలకీ మగపిల్లలతో సమానంగా ఆటల అవకాశం ఇవ్వాలి. ఫుట్‌బాల్ జట్టులోనే వంద మంది దాకా మగపిల్లలుంటే, ఆ లెక్క సరిచేయడానికి ఎక్కువ మంది ఆడే మహిళల ఆట కావాలి. రగ్బీ సరిగ్గా అలాంటిదే. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2002 నుంచే మహిళల రగ్బీని ఎదుగుతున్న ఆటల జాబితాలో పెట్టింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల సెవెన్స్ జట్టు ఆఖరి క్షణంలో మైదానమంతా పరిగెత్తి ఆస్ట్రేలియాని 14-12తో ఓడించి కంచు పతకం తెచ్చింది. వెంటనే మిషెల్ కాంగ్ అనే వ్యాపారవేత్త నాలుగేళ్లకి 40 లక్షల డాలర్లు ప్రకటించారు. ఆ జట్టులోని ఇలోనా మేర్ టీవీ డాన్స్ పోటీలో రెండో స్థానం దాకా వెళ్లి ఇంటింటా తెలిసిన పేరైంది. 2025 జనవరిలో ఆమె ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ క్లబ్బుకి తొలి మ్యాచ్ ఆడితే జనం పట్టక పెద్ద స్టేడియానికి మార్చారు. అయితే అదే ఏడాది మహిళల ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ 69-7తో అమెరికాని చిత్తు చేసింది. ఒక్క తారతో వెలుగు వస్తుంది కానీ తెల్లవారదు. వెనక వందల మంది ఆడపిల్లలు కావాలి, వాళ్లకి శిక్షకులు కావాలి.

రెండోది, ఫుట్‌బాల్ వదిలేసిన కుర్రాళ్లు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడే వాళ్లలో వందకి ఇద్దరు కూడా ఎన్ఎఫ్ఎల్‌కి చేరరు. మిగతా 98 మంది వేగం, బలం ఏటా వృథా అవుతున్నాయి. అలా ఫుట్‌బాల్‌లో చోటు దక్కక రగ్బీకి వచ్చిన పెర్రీ బేకర్ 2017, 2018లో వరసగా ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడయ్యాడు. కాకపోతే 22 ఏళ్లకి బంతి పట్టినవాడికి సెవెన్స్ పట్టుబడినంత సులువుగా 15 మంది ఆట పట్టుబడదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. అందుకే బడిలోనే మొదలవ్వాలి.

మూడోది మనకి బాగా దగ్గర విషయం, వలస వచ్చిన వాళ్లు. యూటాలో రగ్బీ ఊపిరి పోసుకుంది టోంగా, సమోవా దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వల్ల. మనవాళ్లు క్రికెట్‌ని మోసుకెళ్లినట్టే వాళ్లు రగ్బీని మోసుకెళ్లారు. 2023లో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్ చూడండి. సియాటిల్ జట్టులో పెట్టుబడి పెట్టిన వాళ్లలో మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల ఉన్నారు. 2024 టీ20 ప్రపంచ కప్‌లో పాకిస్తాన్‌ని ఓడించిన అమెరికా జట్టులో ఎక్కువమంది వలస వచ్చిన వాళ్లే. ఆట ఎప్పుడూ వలస కూలీ మూటలోనో, వలస ఉద్యోగి సూట్‌కేసులోనో ప్రయాణిస్తుంది. కానీ అక్కడి నేలలో పుట్టిన పిల్లలు 'ఇది మా ఆట' అన్నప్పుడే అది నిలుస్తుంది. క్రికెట్‌కైనా రగ్బీకైనా అమెరికాలో ఎదురవుతున్న పరీక్ష అదే.

ఇక్కడ మన అన్నదమ్ములకి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రపంచ కప్ అంటే మనకి ఖతార్ గుర్తుకొస్తుంది. 2022 కోసం వాళ్లు ఎనిమిదిలో ఏడు స్టేడియాలు కొత్తగా కట్టారు, లక్షల మందికి పని దొరికింది. అమెరికా సంగతి అలా కాదు. ఉన్న స్టేడియాలని నమ్ముకునే వాళ్లు ప్రపంచ కప్ అడిగారు. 2031 దగ్గరపడే కొద్దీ 'అమెరికాలో ప్రపంచ కప్ పనులు, వీసా గ్యారంటీ' అని ఊళ్లలో తిరిగే ఏజెంట్లు బయలుదేరొచ్చు. వ్యవసాయం కాని తాత్కాలిక పనులకిచ్చే హెచ్-2బీ వీసాకి అక్కడి యజమానే ముందు అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. ఆ పని ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర ఫీజు గుంజడం అక్కడి నిబంధనల్లో నిషేధం. ఈ రెండు మాటలూ గుర్తుంటే పొలం తాకట్టు పెట్టి మోసపోయే అవసరం రాదు.

మనలో చాలామంది చెమటోడ్చిన డబ్బుతో ఊరి పక్కన ప్లాట్లు కొన్నవాళ్లమే. రంగుల బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూలు, పార్కు, రాబోయే రింగు రోడ్డు అన్నీ ఉంటాయి. స్థలం దగ్గరికెళితే రాళ్లు పాతి ఉంటాయి. అమెరికా రగ్బీ గురించి చెప్పే అంకెలూ ప్రస్తుతానికి ఆ బ్రోచర్ లాగానే ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బడిలో జట్టు లేకుండానే వందల కోట్ల డాలర్ల మార్కెట్ అంటున్నారు. అలాగని స్థలం చెడ్డదని కాదు. రోడ్డు వేసి, నీళ్లు తెచ్చి, నలుగురు కాపురం పెడితే అదీ ఊరవుతుంది.

కాబట్టి చేయాల్సింది స్పష్టం. 1994లో సాకర్ చేసినట్టు ప్రపంచ కప్ ఆదాయంలో కొంత ముందే పక్కన పెట్టి, దాన్ని బడి మైదానాలకీ శిక్షకుల జీతాలకీ కట్టేయాలి. జట్ల సంఖ్య పెంచే ఆరాటం మాని, ఉన్న ఆరింటినీ నిలబెట్టాలి. విదేశీ పెద్ద జట్లు ఆడే రోజునే అదే ఊళ్లో పిల్లల పోటీలు పెట్టాలి. మహిళల జట్టుని మగవాళ్ల వెనక బండిలా కాకుండా ముందు బండిలా చూడాలి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ సెవెన్స్ దీనికి మంచి మెట్టు. 2025లో పసిఫిక్ నేషన్స్ కప్ ద్వారా పురుషుల జట్టు 2027 ఆస్ట్రేలియా ప్రపంచ కప్‌కి అర్హత సాధించడం కూడా కలిసొచ్చేదే.

ఈ మాట మన దేశానికీ వర్తిస్తుంది. 2025 జూన్‌లో తెలుగువారి సంస్థ జీఎంఆర్ ముంబైలో ఆరు జట్లతో రగ్బీ ప్రీమియర్ లీగ్ నడిపింది. అందులో హైదరాబాద్ హీరోస్ కూడా ఉంది. ప్రో కబడ్డీ 2014లో వచ్చి నిలబడిందంటే, దానికి వెనక ఊరూరా చెడుగుడు ఆడిన తరాలున్నాయి. రగ్బీకి అలాంటి ఊరు కావాలి. కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఒక బడి మైదానంలో సాయంత్రం పూట పదిమంది పిల్లలు ఆ కోడిగుడ్డు బంతితో ఆడుతుంటే లీగ్ దానంతటదే నిలుస్తుంది.

2031లో షికాగోలోనో ఇంకో ఊళ్లోనో స్టేడియం నిండడం ఖాయం. టికెట్లు అమ్ముడుపోతాయి, టీవీలు చూపిస్తాయి, అందరూ చప్పట్లు కొడతారు. దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. 2032లో, జనం వెళ్లిపోయి సీట్లు ఖాళీ అయ్యాక, అదే ఊరి బడుల్లో ఎన్ని రగ్బీ జట్లు మిగిలాయో లెక్కపెట్టాలి. అమెరికాలో రగ్బీ పెరిగిందో లేదో ఆ లెక్కే చెబుతుంది.